రాజుగారు రాజు కారన్న బాన

చిన్నమాంబకు యాభై రెండేళ్ళు. నడుముకు ఎప్పుడూ వెండి సున్నపుకాయ వేలాడుతుండాలి, బుగ్గన తాంబూలం ఉండాలి. వెనకటికి మంజులకోట అనే చిన్న రాజ్యంలో, విజయార్కుడు అనే పెద్ద మీసాల రాజు కొలువులో ఆమె విదుషి. రాజుకు పాలిచ్చిన దాది కూతురు కూడా. అందుకే మామూలుగా "ప్రభూ" అనేది, కోపం వస్తే "తమ్ముడూ" అనేది.

రాజు మంచివాడే. తనంతటి ధర్మప్రభువు భూమ్మీద లేడనుకోవడమొక్కటే ఆయన జబ్బు. ఆ కొలువులో మగవాడు మీసం మీద చెయ్యివేసి ఏం చెప్పినా నిజం. ఆడదానికి మీసం లేదు కనుక పసుపు పరీక్ష. పసుపుగుడ్డ పట్టుకుని, చెప్పేది చెప్పి, సత్యజలం బానలో ముంచాలి. గుడ్డ ఎరుపెక్కితే అబద్ధం.

తాతలనాటి నుంచీ ఏ గుడ్డా ఎరుపెక్కి ఎరగదు. ఆ ఏడు మాత్రం నిలబడ్డ ప్రతి ఆడదాని గుడ్డా ఎర్రబడింది. దేశంలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అబద్ధాలు మరిగారని రాజు నొచ్చుకుని, ఒక్కొక్కరినీ కోట దాటించాడు.

ఇప్పుడు యువరాజు దాది కాటమ వంతు వచ్చింది. పిల్లవాడి చేతి బంగారు మురుగు కనబడలేదు. తానెరగనంటుంది. గుడ్డ ఎర్రబడితే చంకలో బిడ్డను దించి వెళ్ళిపోవాలి.

పరీక్షకు ముందురోజు చిన్నమాంబ బానలో వేలు ముంచి నాలుక్కి రాసుకుంది. తాంబూలంలో సున్నం ఎక్కువైనట్టు చుర్రుమంది. కాపలావాణ్ణి అడిగితే, సత్యజలం మరింత పవిత్రంగా ఉండాలని రాజుగారే ఈ ఏడు బాన లోపలంతా కొత్త సున్నం పూయించారని మురిసిపోతూ చెప్పాడు.

సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పారాణి కలిపే ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది. అడగాలని ఎవరికీ తోచలేదు.

కొలువు తీరింది. కాటమ గుడ్డ అందుకోబోతుంటే చిన్నమాంబ అడ్డం వచ్చింది. బాన మీద తనకు అనుమానం ఉందనీ, ఎవరూ కాదనలేని నిజం ఒకటి చెప్పి ముందు దాన్ని పరీక్షించాలనీ అంది.

"అంతటి నిజం ఏముంది అక్కా?" అన్నాడు రాజు.

"తమరు ఈ దేశానికి రాజు కావడమే ప్రభూ."

రాజుకు ఆ మాట తేనెలా తగిలింది. లేచి వచ్చి, మీసం దువ్వి, "నేను ఈ దేశానికి రాజును" అంటూ గుడ్డ ముంచాడు. ఎర్రగా పైకొచ్చింది. సభంతా తలలు వంచుకుంది. సేనాపతి ఒక్కడు సింహాసనం వంక కాస్త ఆశగా చూశాడు.

"ఏం తమ్ముడూ, కోట దాటతావా?"

రాజు ముఖం పాలిపోయింది. చిన్నమాంబ కొంగుముడి విప్పి, నిమ్మకాయ తీసి, గుడ్డ మీద పిండింది. ఎరుపు విరిగి పసుపు తిరిగొచ్చింది.

"ఇదిగో నీ రాజ్యం. ఒక నిమ్మకాయతో పోయేదానికి ఎంతమందిని వెళ్ళగొట్టావు?"

తన సున్నపుకాయ తీసి మళ్ళీ గుడ్డ ఎర్రబరిచింది, మళ్ళీ పిండి పసుపు చేసింది. బానకు పూసిన సున్నం సంగతి సభకంతా చెప్పింది.

రాజు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. పౌరుషం ఇంకా చావలేదు. "ఇంతకీ సున్నం గొప్పదా, నిమ్మకాయ గొప్పదా?"

"సరిపాళ్ళలో కలిస్తే సున్నం చురుకూ ఉండదు, నిమ్మ పులుపూ ఉండదు ప్రభూ. రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. తమరి కోపం, నా నోరూ ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదేగా."

రాజు మీసాలు అదిరేలా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఆమె మెడలో వేశాడు. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. బాన పగలగొట్టించమంది. మీసాల సాక్ష్యం కూడా మానేసి, ఎవరి మాటనైనా విచారించే నమ్మమంది. కోట దాటించిన వాళ్ళను వెనక్కి పిలిపించమంది. ఆ చివరి మాటకు రాజు నవ్వు సగంలో ఆగింది. అన్నిటికీ తల ఊపాడు.

మురుగు ఆ సాయంత్రమే యువరాజు బొమ్మ ఏనుగు కడుపులో దొరికింది.

చిన్నమాంబ ముత్యాలహారం అమ్మి, బండి కట్టించుకుని, వెళ్ళగొట్టిన ఆడవాళ్ళ కోసం ఊరూరా తిరిగింది. అందరూ దొరకలేదు.