ఎటూ తోచకపోతే బుర్ర వెనక ఎందుకు గోక్కుంటాం?

ఒకప్పుడు మనిషి తలలో రెండు మెదళ్ళకి మాటల్లేవు. నుదుటి వెనకాల ఉండేది ముందుమెదడు. ఏం చెయ్యాలో, ఏం మానాలో చెప్పేది అదే. తల వెనక, మెడకి పైన ఉండేది చిన్నమెదడు. కాళ్ళూ చేతులూ తాళం తప్పకుండా చూసేది అది.

ముందుమెదడుకి టెక్కు ఎక్కువ. ఆలోచించేది నేనైతే, కాళ్ళాడించేదానితో నాకేం మాటలు అనేది. చిన్నమెదడు మాత్రం తక్కువ తిందా? మూతి ముడుచుకుని కూర్చుంది. మధ్యలో మనుషులకి వచ్చింది చావు. నీళ్ళకని బయల్దేరి, బిందె లేకుండా ఏటిదాకా పోయేవాళ్ళు. ఆగాలనుకున్నాక కూడా ఇంకో పది అడుగులు వేసేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్నే ఎర్రికమ్మా, తోటికోడలు నీలవేణీ ఒకే రోట్లో వడ్లు దంచుతున్నారు. ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది పడాలి. ఎర్రికమ్మ కూతురు గున్నమ్మ కొత్తగా పాకడం నేర్చింది. ఆ పిల్ల గబగబా పాకుతూ వచ్చి, గింజల కోసం రోట్లో చెయ్యి పెట్టేసింది.

ఎర్రికమ్మ తలలో ముందుమెదడు అది చూసింది. రోకలి ఆపమంది. అదృష్టం కొద్దీ ఎర్రికమ్మ రోకలి అప్పుడే పైకి లేచి ఉంది, గాల్లోనే ఆగింది.

కానీ గండం గడవలేదు. ఈ పోటు నీలవేణిది! ఆమె చూపేమో వడ్ల మీదికొచ్చిన కోడి మీద ఉంది. ఎవరి పోటు ఎప్పుడు పడుతుందో చిన్నమెదడుకి తెలుసు, పాప సంగతే తెలియదు. మాటల్లేవు కదా, ఎవరు చెబుతారు?

ముందుమెదడు పరువు పక్కన పెట్టి వెనక్కి కేకేసింది. "చిన్నమ్మా, రోట్లో పాప చెయ్యుంది!"

"ఇప్పుడు పడేది నీలవేణి పోటు. మన రోకలితో పక్కకి కొట్టించనా?" అంది చిన్నమెదడు.

"కొట్టించు!"

ఠక్కున రోకలికి రోకలి తగిలింది. నీలవేణి రోకలి పక్కకి తూలి మట్టిలో దిగబడింది. గున్నమ్మ చేతి మీద గీత కూడా పడలేదు. పిడికిలి నిండా వడ్లు పట్టుకుని నవ్వుతోంది.

నీలవేణి రోకలి వదిలేసి పాప చెయ్యి తిప్పి చూసింది. "నీకెలాగ తెలిసిందక్కా?" అంది.

"ఏటోనే, ఆలోచించానో, చేతులే లేచాయో నాకే తెలీదు," అని ఎర్రికమ్మ పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చేసింది.

తల లోపల మాత్రం సంబరమే సంబరం! మెదళ్ళు రెండూ అప్పటికప్పుడు దారులు వేసుకున్నాయి. కబురు పోవడానికొకటి, రావడానికొకటి. ఆ సంతోషంలో, ఆ తొందరలో దారులు అడ్డంగా పడ్డాయి. చిన్నమెదడు ఎడమవైపు నుంచి పంపిన కబురు ముందుమెదడు కుడివైపుకి చేరింది. చేరింది కదా, చాల్లే అనుకున్నాయి. ఆ ముచ్చట చూసి మిగతా తలలన్నీ అలాగే వేసుకున్నాయి.

అప్పటినుంచే మన తలల్లో కబుర్లు ఇటువి అటూ, అటువి ఇటూ దాటి పోతున్నాయి. ఎటూ తోచనప్పుడు మీ చెయ్యి చూసుకోండి. ముందు నుదుటి మీదికి పోతుంది. అక్కడ పని కాకపోతే మెల్లగా వెనక్కి పోయి గోకుతుంది. మళ్ళీ అలిగిందేమో, చిన్నమ్మని పిలవాలి కదా మరి!