తిరుపాలు పేర్చిన రాళ్ళు

ప్రశ్న అడిగినవాడికి చెన్నకేశవులుగారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ పనిలో పడి వాడు ప్రశ్న మరిచిపోతే అది అసలు ప్రశ్నే కాదని ఆయన నమ్మకం. గొడుగుకొండ కింద ఆయన ఉండే చోటును జనం ఆశ్రమం అనేవారు గానీ, రెండు రేకుల కొట్టాలూ, ఒక వంటపాకా, మేం ఐదుగురు శిష్యులమూ తప్ప ఆశ్రమానికి ఉండవలసిన హంగులేవీ అక్కడ లేవు. ఆయన కాషాయం కట్టలేదు. చిరిగిన బనీనుతో కట్టెలు కొడుతూ ఉంటే, దూరం నుంచి వచ్చినవాళ్ళు ఆయన్నే పిలిచి గురువుగారు ఎక్కడున్నారని అడిగేవారు. లోపలికి వెళ్ళి కూర్చోండి, వస్తారు అని చెప్పేవారాయన.

మాలో తిరుపాలు తెలివైనవాడు. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకమీద చెప్పబోయేది అతనికి అంత అనుకూలంగా ఉండదు. పైగా ఎనిమిది నెలలపాటు అతని వంతు గిన్నెలు తోమింది నేనే గనక నా సాక్ష్యాన్ని కాస్త తగ్గించి తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. తెల్లవారగానే అతను కొండ మీద ఒక బండ దగ్గరికి పోయి జపం చేసుకునేవాడు. వెయ్యి పూర్తయినప్పుడల్లా గుర్తుకు ఒక రాయి పెట్టేవాడు. మూడు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చాక, నలభై అడుగుల దూరంలో మళ్ళీ మూడు. అలా బండ దాకా వెళ్ళే మేకల దారి పొడుగునా అతని రాళ్ళు వరసగా నిలబడ్డాయి. నేనొకసారి వెళ్ళి చూశాను. అందంగానే ఉన్నాయి.

వైశాఖ మాసం మొదట్లో అతను గురువుగారి ముందు నిలబడి అడిగాడు.

"ఎవరి జోలికీ పోకుండా తన సాధన తాను చేసుకునేవాడికి ఈ గిన్నెలతోనూ కట్టెలతోనూ ఏం పని గురువుగారూ? నావల్ల ఎవరికీ ఏ చెడూ లేదు. మీరు సరేనంటే ఇకనుంచి ఆ బండ దగ్గరే ఉండిపోతాను."

గురువుగారు పప్పులో రాళ్ళు ఏరుతున్నారు. తలెత్తకుండానే, రేపు కొండ చుట్టి రావాలి, సున్నం కలిపి ఉంచు అన్నారు. నన్ను నీళ్ళు మొయ్యమన్నారు.

గొడుగుకొండ చుట్టూ తొమ్మిది మైళ్ళ కాలిబాట ఉంది. వైశాఖ పున్నమి తిరునాళ్ళకు వచ్చేవాళ్ళు కొండను కుడిచేతి వైపు ఉంచుకొని ఆ బాట మీద ఒక చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే చేరతారు. మధ్యలో మేకల దారులూ, కట్టెల దారులూ చాలా చోట్ల చీలతాయి. అలాంటి మలుపు దగ్గరల్లా మూడు పలక రాళ్ళు పేర్చి, సున్నం పూసి ఉంటాయి. తెల్ల రాళ్ళు ఎటు ఉంటే అటు నడవాలి, అంతే. బయటి ఊళ్ళవాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు. గాలికో, మేకలకో అవి పడిపోతుంటాయి గనక ఏటా తిరునాళ్ళకు ముందు గురువుగారు ఒకసారి చుట్టి వచ్చి, వాటిని సరిచేసి సున్నం పూసేవారు. ఆయన గురువు కూడా ఈ పని చేశాడట.

మేం ముగ్గురం బయలుదేరేసరికి తొలిపొద్దు. ఎనిమిదింటికే ఎండ చురుక్కుమనడం మొదలుపెట్టింది. మొదటి నాలుగు మలుపుల్లో మూడింటి దగ్గర రాళ్ళు పడిపోయి ఉన్నాయి. గురువుగారు వంగి పేరుస్తున్నారు, నేను సున్నం పూస్తున్నాను, తిరుపాలు సున్నం డబ్బా పట్టుకొని నిలబడ్డాడు. అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ రోజు జపం ఆ రోజే పూర్తికావాలి కదా.

ఐదో మలుపు దగ్గర అసలు దారి ఎడమకు దిగి ఊటచెలమ వైపు పోతుంది. తొమ్మిది మైళ్ళలో నీళ్ళు దొరికేది అక్కడొక్కచోటే. కుడివైపు పైకెక్కేది మేకల దారి. అది తిరుపాలు బండ దాకా పోయి అక్కడితో ఆగిపోతుంది. ఆ మలుపులో గుర్తు లేదు. పడిపోయిన రాళ్ళు కూడా లేవు, నేల మీద పాత సున్నం మరక మాత్రం ఉంది. అక్కడికి పదడుగుల అవతల, మేకల దారి మొదట్లో, సున్నం వెలిసిన మూడు పలక రాళ్ళు చక్కగా పేర్చి ఉన్నాయి. వాటి మీద ఎవరో పెట్టిన పసుపూ కుంకుమా ఇంకా తాజాగా ఉన్నాయి.

తిరుపాలు పెదాలు ఆగిపోయాయి.

"అవి పడి ఉన్నాయి గురువుగారూ. దీపావళికి ముందు. నేను పడగొట్టలేదు. చదునుగా ఉన్నాయని మొదటి మూడు వేలకూ…"

"నేనేమీ అడగలేదు నాయనా" అని గురువుగారు మేకల దారి పట్టి పైకి నడిచారు. డెబ్భై ఏళ్ళ మనిషి అంత వేగంగా ఎక్కగా అంతకుముందు నేను చూడలేదు.

బండ కింద ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. మొహం మీద తువ్వాలు కప్పి, ఒకావిడ కొంగుతో విసురుతోంది. అతని ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. పక్కన పడి ఉన్న చెంబులో చుక్క నీరు లేదు. నేను నీళ్ళు తాగించబోతే గురువుగారు వారించి, ముందు తల మీదా మెడ మీదా పోయించారు, తర్వాత తడిగుడ్డతో పెదాలు తడిపారు. అతను మూలిగేదాకా అలాగే తడుపుతూ ఉన్నాం. నాకు భయం వేసింది, దాచుకోవడం ఎందుకు. తిరుపాలు వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆవిడ పేరు ఓబుళమ్మ, ఆయన ఆమె భర్త పుల్లన్న. తిరునాళ్ళ గుంపులో నడవలేమని ముందే వచ్చారట. పుల్లన్నకు మూడేళ్ళుగా చూపు లేదు, మాఘంలో కంటికి ఆపరేషన్ అయింది. చూపు వస్తే కొండ చుట్టి వస్తానని మొక్కుకున్నాడు.

"కండ్లొచ్చినాయని ఈ పొద్దు ఈయన్నే ముందర నడవమంటి సామీ" అంది ఓబుళమ్మ. "తెల్ల రాళ్ళు చూసి ఈయనే దారి పట్టె. నా కంటికి నేనే చూసినా అని ఎంత సంబరపడెనో. పొయ్యేకొద్దీ రాళ్ళు కనపడతానే ఉండె, నీళ్ళు మాత్రం యాడా లేవు. యాడనో మేమే తప్పినాం. ఎవురో పుణ్యాత్ముడు ఎండలో ఇంత కష్టపడి పేర్చి పెట్టినాడు, ఆయన్ననేదానికేముంది?"

అంటూ ఆమె బండ దగ్గరున్న ఆఖరి రాళ్ళకు చేతులు జోడించింది. వాటి మీద కూడా కుంకుమ ఉంది. దారి అక్కడితో ఆగిపోయిందని తెలిశాక కూడా పెట్టిందన్నమాట.

తిరుపాలు పుల్లన్నను వీపు మీద ఎక్కించుకొని దిగాడు. మలుపు దాకా అర మైలు, అక్కడినుంచి ఊటచెలమకు ఇంకో అర మైలు. సగం దారిలో నేను అందుకుంటానంటే వినిపించుకోలేదు. చెలమ పక్కన నీడలో పడుకోబెట్టి చల్లటి నీళ్ళు పోస్తూ కూర్చుంటే, మధ్యాహ్నం తిరిగేసరికి పుల్లన్న లేచి కూర్చున్నాడు. లేవగానే అతనన్న మొదటి మాట, రాళ్ళు నేనే చూసినా సామీ, తెల్లంగా కనపడినాయి అని. ఆ మాట కూడా తిరుపాలు విన్నాడు. ఈసారి అతను అక్కడ కూర్చోలేక లేచి మలుపు వైపు వెళ్ళాడు.

ఓబుళమ్మ గురువుగారి కాళ్ళకు మొక్కి ఒక్క కోరిక కోరింది. "ఆ రాళ్ళు పేర్చినాయన మీకెప్పుడన్నా కనపడితే నా దండం చెప్పండి సామీ."

"చెబుతానమ్మా" అన్నారు గురువుగారు.

మేం వెనక్కి వెళ్ళి చూసేసరికి తిరుపాలు ఆ మూడు పలక రాళ్ళనూ అసలు చోట పేర్చి, చేతులతోనే సున్నం పూస్తున్నాడు. మేకల దారికి అడ్డంగా కంప వేసి ఉంది. ఎండ చల్లబడ్డాక మొగుడూ పెళ్ళాలతో పాటు మెల్లగా నడిచి, పొద్దుగూకే వేళకు చుట్టు పూర్తి చేశాం. మొక్కు తీరిందని పుల్లన్న కంటనీరు పెట్టుకున్నాడు. వాళ్ళను బస్సెక్కించి వచ్చాం. మిగిలిన సగం దారిలో ఇంకా తొమ్మిది మలుపులు దెబ్బతిని ఉండడం అందరం చూశాం. తెచ్చిన సున్నం అయిపోయింది. చాలా చోట్ల పలక రాళ్ళు పగిలిపోయి, పేర్చడానికి పనికొచ్చేవి చుట్టుపక్కల లేవు.

ఆశ్రమానికి చేరాక తిరుపాలు గురువుగారి దగ్గర నిలబడి, ఆ రాళ్ళు పేర్చింది నేనేనని ఆవిడతో మీరెందుకు చెప్పలేదు అని అడిగాడు. మీరు నన్ను తిట్టనైనా తిట్టలేదు అన్నాడు.

"రేపు ఎండ ముదరకముందే బయలుదేరు" అన్నారు గురువుగారు. "గంప వంటపాకలో ఉంది."

ఆ తర్వాత పదకొండు రోజులు తిరుపాలు ఏం చేశాడో నేను చూశాను. తెల్లవారుజామున గంప ఎత్తుకొని మేకల దారి ఎక్కేవాడు. ఒక్కొక్క వెయ్యికి గుర్తుగా పెట్టుకున్న రాళ్ళను విప్పి, గంపకెత్తి, దెబ్బతిన్న మలుపులకు మోసుకుపోయేవాడు. కొన్ని మలుపులు ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్నాయి. ఎనిమిది నెలల్లో పేర్చినది పదకొండు రోజుల్లో బండ దగ్గర ఆనవాలు లేకుండా పోయింది. ఎన్నో అతను లెక్కపెట్టినట్టు లేదు. పెదాలు కదలడం కూడా నేను చూడలేదు, ఆ బరువుతో ఊపిరి తీసుకోవడమే కష్టం. మధ్యాహ్నం వచ్చి, ఎవరూ అడక్కుండానే, తన వంతు గిన్నెలు తోమేవాడు. నా వంతు కూడా తోమబోతే నేనే వద్దన్నాను.

పున్నమికి ముందురోజు ఆఖరి గంప దించి వచ్చాడు. అరచేతులు కమిలి, సున్నానికి వేళ్ళు పగిలి ఉన్నాయి. బండ దగ్గర ఉండిపోవడానికి అనుమతి అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. గురువుగారు అన్నం తిని చెయ్యి కడుక్కొని, కండువాతో తుడుచుకొని, అతని ముందుకొచ్చి రెండు చేతులూ జోడించారు. తిరుపాలు కంగారుగా లేచి నిలబడ్డాడు.

"రాళ్ళు పేర్చినాయన కనబడితే దండం చెప్పమంది ఓబుళమ్మ. ఇవాళ కనబడ్డావు."