ముత్తేలు ముడి

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఒక కొండ కింద ముత్తేలు అనే ఆమె ఉండేది. ఆమె మొగుడు నోట్లో రాచపుండు లేచి పోయాడు. అది అంటుకుంటుందని ఊరు భయపడింది. ఆమె గడప ఎవరూ తొక్కలేదు. ఆమె ఇంట నీళ్లు ఎవరూ తాగలేదు.

ఒకనాడు కోసిపెట్టిన వంకాయ ముక్క నల్లబడటం చూసింది. "మా ఆయన దవడా ఇట్లాగే నల్లబడింది. దీన్ని ఆపే ఆకు దాన్నీ ఆపుతుందేమో" అనుకుంది.

కొండెక్కి ఒక ఆకు తెచ్చింది. నూరింది, ముక్కకు పసరు పూసింది, పొద్దు వాలేదాకా కూర్చుంది. ముక్క నల్లబడింది. మళ్లీ కొండెక్కి, చీర అంచు చింపి ఆ మొక్కకు ముడి వేసింది.

"నువ్వు కావు తల్లీ" అంది.

రెండో ఆకు తెచ్చింది. నూరింది, పూసింది, కూర్చుంది. ముక్క నల్లబడింది.

"నువ్వూ కావు తల్లీ."

ఒకరోజు బావి దగ్గర ఊరావిడ గవరమ్మ నవ్వింది. "ఏమే ముత్తేలూ, వంకాయకు నలుగు పెడుతున్నావంట! పెళ్లెప్పుడే?"

"పెళ్లికొడుకు కుదరలేదు వదినా."

ఆ రోజుకు ముత్తేలు మనిషితో ఆడిన మాట అదొక్కటే.

మూడో ఆకు తెచ్చింది. నూరింది, పూసింది, కూర్చుంది. తెల్లారినా ముక్క తెల్లగానే ఉంది. చెప్పుకోవడానికి ఎవరూ లేక పొయ్యికి చెప్పుకుంది.

ఆ ఏడే గవరమ్మ రొమ్ములో పుండు లేచింది. అంటుకుంటుందని ఆమె చాపను ఊరవతల వేశారు. ముత్తేలు పసరు పట్టుకెళ్లింది.

"తగ్గిస్తుందంటావా?" అడిగింది గవరమ్మ.

"వంకాయను ఆపింది వదినా. మనిషి సంగతి తెలీదు."

ముందు గుక్క తాను తాగింది. ఏమీ కాలేదని చూసుకుని అదే గిన్నె అందించింది.

ఎన్నాళ్లు తాగినా పుండు ఆగలేదు.

"తగ్గిందని ఊరికి చెప్తానే" అంది గవరమ్మ. "నిన్ను ఇళ్లలోకి రానిస్తారు."

ముత్తేలు చాలాసేపు ఊరి వైపు చూసింది.

"వద్దు వదినా. అది నమ్మి ఇంకొకరు ఇదే తాగుతూ కూర్చుంటారు."

గవరమ్మ ఆమె ఒళ్లోనే పోయింది. ముత్తేలు కొండెక్కి మూడో మొక్కకు ముడి వేసింది.

"నువ్వూ కావు తల్లీ."

మళ్లీ ఒంటరిగా ఇంకో ఆకు వెతుక్కుంటూ పోయింది.

ఏళ్లు గడిచాయి. ఒక పొద్దున ఆమె ఇంటి మీద పొగ లేవలేదు. జనం కొండెక్కారు. ముత్తేలు ఒక మొక్క పక్కన ప్రాణం లేక ఒరిగి ఉంది. చీర మోకాళ్ల దాకే మిగిలింది. చుట్టూ చూస్తే కొండంతా ముడులే.

ఇప్పటికీ ఆ కొండకు మందాకు కోసం పోయేవాళ్లు పనిచేయని మొక్కకు గుడ్డపీలిక కట్టి వస్తారు. మందిచ్చేవాళ్లు ముందు గుక్క తామే తాగుతారు. ఆశ వదిలిన రోగి చెయ్యి పట్టుకుని, "ముత్తేలు ముడి పడని ఆకు ఇంకా ఉందిలే" అంటారు.