వదలని చెయ్యి

ఆ పట్నంలో దుఃఖం వచ్చినవాళ్ళు వెళ్ళి మంత్రసాని అరుగు మీద కూర్చునేవారు. ఆమె ఏమైందని అడిగేది కాదు. చెయ్యి అందుకుని ఊరుకునేది. ఎంతసేపటికో బొటనవేలితో అరచేతిలో రెండుసార్లు నొక్కి వదిలేసేది. పురిటినొప్పులు పడేవాళ్ళ దగ్గర కూర్చుని కూర్చుని అబ్బిన అలవాటు అది. నొక్కాక లేచి ఇంటికి పోయి పొయ్యి వెలిగించుకోవాలి. నొక్కకముందే లేవడం మాత్రం ఆ ఊళ్ళో పెద్ద మర్యాదతక్కువ.

ఒక ఏడాది రాజుగారి తల్లి పోయింది. రాజు కాబట్టి అరుగు మీద కూర్చోవడానికి వీల్లేదు. అందుకని మంత్రి ఒక మాట్లాడే అద్దం చేయించాడు. "ఇవాళ మీ మనసెలా ఉంది?" అని అడిగేది. చెప్పిందంతా విని నాలుగు మంచి మాటలు చెప్పేది. రాజుగారు మంచివారు, తనకు దొరికింది అందరికీ దొరకాలని ఇంటికొక అద్దం పంచమన్నారు.

జనం ఒక వారం దానితో ముచ్చటగా మాట్లాడారు. ఆ తర్వాత దాని ముందు తల దువ్వుకోవడం మొదలుపెట్టారు. అద్దం పాపం మనసు సంగతి అడుగుతూనే ఉండేది, వాళ్ళు పాపిడి తిన్నగా వచ్చిందో లేదో చూసుకుని పోయేవారు.

మంత్రికి తల కొట్టేసినట్టయింది. కొయ్యబొమ్మలు చేసే పనివాణ్ణి పిలిపించాడు. అతను మూడు రోజులు మంత్రసాని చేతిలో చెయ్యిపెట్టి కూర్చున్నాడు. తర్వాత అచ్చం అలాంటిదే ఒక కొయ్యచెయ్యి చేసి అద్దానికి బిగించాడు. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండేది. పట్టుకున్నవాళ్ళ ఊపిరిని బట్టి బిగిసేది, సడలేది. కాసేపటికి రెండుసార్లు నొక్కి వదిలేసేది.

"బాగానే ఉంది గానీ, పరీక్షకు కూర్చోబెట్టినవాళ్ళు అది నొక్కగానే లేచిపోతున్నారయ్యా. ఆ నొక్కులు తీసెయ్," అన్నాడు మంత్రి.

"అవి తీసేస్తే ఇక లేవరండి అయ్యా," అన్నాడు పనివాడు.

"మనకు కావలసింది అదే కదా."

పనివాడు తీసేశాడు. ఇంటింటికీ ఒక చెయ్యి వెళ్ళింది. ఇక చూడాలి మంత్రి సంబరం. జనం పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అద్దాన్ని వదలడం లేదు. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో ఆయన స్వయంగా రాసుకునేవాడు.

మంత్రసాని వీధి చివర ఒక నేతగాడు ఉండేవాడు. పురిట్లో అతని భార్య పోయింది, బిడ్డ దక్కింది. మంత్రసాని తన చేతుల మీదుగా తీసిన బిడ్డే. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వినపడి చాలా రోజులైందని తోచి ఆమె వెళ్ళి చూసింది.

నేతగాడు అద్దం ముందు ఉన్నాడు. కుడిచెయ్యి కొయ్యచేతిలో ఉంది. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతున్నాడు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు మాత్రం తెరుస్తోంది. పక్కింటివాళ్ళు పాలు పట్టేవారే, కానీ వాళ్ళూ ఎవరి చెయ్యి వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు.

"బిడ్డ ఎండిపోతంటే ఏం చేస్తన్నావురా?" అంది మంత్రసాని. ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

"ఇంకా వదల్లేదు పెద్దమ్మా. వదలగానే లేచి పాలు పడతాను," అన్నాడు.

ఆమె అతని ఎడమచెయ్యి అందుకుంది. కాసేపు ఉంచుకుని, రెండుసార్లు నొక్కి వదిలేసింది. నేతగాడు లేచాడు. గిన్నె వెతికి, పాలు కాచి, ఉగ్గుగిన్నెతో పట్టాడు. బిడ్డ మొదటి గుక్క మింగినప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

ఒక అద్దం ఖాళీ అయిందని, అది మంత్రసాని పనేనని మంత్రికి తెలిసిపోయింది. మంత్రసానిని సభకు పిలిపించాడు.

"లేవాలనుకునేవాళ్ళు లేవొచ్చు కదా. ఎవరైనా కట్టేశారా?" అని అడిగాడు.

సింహాసనం మీంచి రాజుగారు నెమ్మదిగా అన్నారు: "నేనూ అది వదులుతుందనే కూర్చున్నానయ్యా."

అప్పుడు చూశారు అందరూ. రాజుగారి కుడిచెయ్యి సింహాసనం పక్కనున్న అద్దం కొయ్యచేతిలో ఉంది. గడ్డం మాసిపోయింది. తల్లి పోయిన నాటికంటే ఇప్పుడే సన్నగా ఉన్నారు.

"ఆ రెండో చెయ్యి ఇట్టా ఇవ్వండి మారాజా," అంది మంత్రసాని. రాజుగారు ఇచ్చారు. ఆమె రెండుసార్లు నొక్కింది. రాజుగారు లేచి, ఆకలేస్తోందని చెప్పి లోపలికి వెళ్ళారు. ఆ సాయంత్రానికి పట్నమంతా లేచింది. ముందు లేచినవాళ్ళు పక్కవాళ్ళను లేపారు.

సభలో మంత్రి ఒక్కడే మిగిలాడు. ఇంత మంచి వస్తువులో లోపమేమిటో తేల్చుకుందామని కొయ్యచేతిలో తన చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. అది వదలదని ఆయనకు తెలుసు, తీయించింది ఆయనే. అయినా ఇంకాసేపు చూద్దామనుకున్నాడు.

మంత్రసాని ఇప్పటికీ రోజూ ఆ దారిన పోతూ ఆగి చూస్తుంది. ఆయనను లేపడం ఆమెకు ఎంతసేపు పని? కానీ అందుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి కదా. కుడిచెయ్యి కొయ్యచేతిలో ఉంటే, ఎడమచేత్తో ఆయన తాను ఎంతసేపు కూర్చున్నాడో రాసుకుంటూ ఉంటాడు.