ఎండిన నార ముడి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళే. ఆ పిట్టలన్నిటికీ పెద్ద గరికయ్య. మంచివాడే పిల్లలూ, కానీ కోపం ముక్కు మీదే ఉండేది.

ఆ చెట్టు మీద గూడంటే అందరి పని. పొద్దున్నే కొందరు గడ్డినార చీల్చి తెచ్చి కుప్ప పోసేవారు. నారన్న అనే గిజిగాడు దాంతో కొమ్మకు ముడి వేసేవాడు. మిగతావారు గూడు అల్లి, లోపల బంకమట్టి మెత్తేవారు. అంతా అయ్యాక గరికయ్య వచ్చి గూట్లో కూర్చుని "భేష్!" అనేవాడు. అప్పటికి ముడి అల్లిక కింద దాగిపోయేది. దాన్ని ఎవరూ చూసేవారు కాదు.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. మొదటి గాలికే ఒక గూడు తెగిపడింది. అదృష్టం, అందులో ఇంకా ఎవరూ చేరలేదు.

"ముడి నీదే కదరా నారన్నా!" అని గరికయ్య మండిపడ్డాడు.

"నాదే మామా. కానీ పొద్దున కుప్ప పోసిన నార మధ్యాహ్నానికి ఎండిపోతోంది. ఎండిన నార ఆగదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట! పో, ఈ చెట్టు మీద కనబడకు."

నారన్న తల వంచుకుని వాగు అవతలికి ఎగిరిపోయాడు.

ముడి వేయడానికి ఇంకొకడు వచ్చాడు. రెండో గూడూ పడింది. గరికయ్య వాణ్ణీ వెళ్ళగొట్టాడు. మూడోవాడు వచ్చాడు. వాడు ముడి వేసిన గూటిని గరికయ్య ధీమాగా తన కూతురు సిరికే ఇచ్చాడు. సిరి అందులో మూడు గుడ్లు పెట్టింది.

గుడ్లు పెట్టిన నాలుగో రోజు పెద్దగాలి లేచింది. సిరి మేత నుంచి వచ్చేసరికి గూడు గుడ్లతో సహా వాగులో పడిపోయింది. గరికయ్య అరుస్తూ నీటి వెంట ఎగిరాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గూడు దొరికింది. అందులో గుడ్లు లేవు.

"వాణ్ణి ఇప్పుడే తరిమేస్తానమ్మా!" అన్నాడు గరికయ్య.

సిరి ఏడుస్తూనే అడ్డుపడింది. "ఇద్దర్ని తరిమావు, ఇప్పుడు మూడోవాడా నాన్నా? ముడిని ఒక్కసారైనా చూశావా?"

గరికయ్య చెట్టుకు తిరిగొచ్చి, కొమ్మకు మిగిలిన అల్లిక విప్పాడు. ముక్కు తగలగానే లోపలి ముడిలోని ఎండిన నార పుటుక్కున తెగింది. నారన్న మాట గుర్తొచ్చి అతని గుండె చెరువైంది.

వాగు దాటి వెళ్ళి, "తప్పు నాదిరా నారన్నా. నీ మాట వినక నా మనవల్ని నేనే పోగొట్టుకున్నాను. తిరిగి రా. ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు" అన్నాడు. తరిమేసిన రెండోవాణ్ణి కూడా బతిమాలి తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి నార కుప్ప పోయడం మానేశారు. ముడి వేసే వేళకే పచ్చి నార తెచ్చేవారు. ముడి పడగానే, అల్లిక మొదలుకాకముందే, గరికయ్య దాన్ని పట్టుకుని వేలాడి చూసేవాడు. సిరి కొత్త గూటికి ముడి పడిన రోజున, ఎవరు దిగమన్నా దిగకుండా, వాగు వైపు చూస్తూ చాలాసేపు వేలాడాడు.

నీతి: పని చెడితే, చేసినవాణ్ణి తరిమే ముందు పని జరిగే తీరును విప్పి చూడాలి, చేసేవాడి మాట వినాలి.