డబ్బా నడుమ గోరువెచ్చన

"పాదరసం నూట అరవైకి ఎక్కిందంటే, లోపల ఉన్నదంతా నూట అరవైకి వచ్చినట్టే కదా సిస్టర్?" అని ఎస్తేరు అడిగింది.

గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రి ప్రయోగశాలలో నేను పనిచేస్తున్న రోజులవి. ఆపరేషన్ గదికి పెద్ద దిక్కు దేవకృపమ్మ సిస్టరు. ఎస్తేరు ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నర్సు విద్యార్థిని. ఎవరేమడిగినా సిస్టరు అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు. అడిగినవాళ్ళకే ఏదో ఒక పని చెబుతుంది.

ముందు ఆ పొయ్యి సంగతి చెప్పాలి. పొయ్యి అని మేం పిలిచేవాళ్ళం గానీ, చూడ్డానికి అది ఇనప బీరువా. కరెంటుతో వేడెక్కుతుంది, నీళ్ళూ ఆవిరీ ఏమీ ఉండవు. నెత్తిన ఉన్న కన్నంలోంచి థర్మామీటరు తల బయటికి కనిపిస్తుంది. ఆవిరి తగిలితే మొద్దుబారే కత్తులు, ముద్దకట్టే పౌడరు అందులో పెడతారు. అప్పట్లో డాక్టర్లు చేతులకు పౌడరు రాసుకుని రబ్బరు తొడుగులు వేసుకునేవారు. పౌడరంటే నేలలోంచి తవ్వి తీసిన రాయి పొడే. మట్టి ఉన్నచోట ధనుర్వాతం క్రిములు పొంచి ఉంటాయి, తొడుగు చిరిగితే పొడితోపాటు గాయంలోకి పోతాయి. అవి చావాలంటే నూట అరవై డిగ్రీల దగ్గర నిండా రెండు గంటలు ఉంచాలని ఆ ఆసుపత్రి నియమం.

ఆ రోజు ఆపరేషన్ ఆదెమ్మకు. మిరప కోతలకు వెళ్ళే మనిషి. మెడ మీద బత్తాయంత కంతి. పొద్దుట్నుంచి మంచినీళ్ళయినా ముట్టలేదు. "ఏమ్మా, నా గొంతు కొయ్యడానికి మీకింకా కత్తి దొరకలేదా?" అని వరండాలోంచి రెండుసార్లు కేకేసింది. ఎస్తేరుది జాలిగుండె. పౌడరును చిన్న చిన్న కాయితం పొట్లాలు కట్టి పెట్టాలని తనకు తెలుసు. కానీ అన్ని పొట్లాలు కట్టాలంటే గంట పడుతుంది. అందుకని ఒక పెద్ద రేకు డబ్బాలో పౌడరంతా నిండుగా పోసి, మూతపెట్టి, పొయ్యిలోకి తోసింది. పాదరసం నూట అరవైని తాకగానే గడియారం చూసి రెండు గంటల లెక్క మొదలుపెట్టింది. అప్పుడే వచ్చిన సిస్టరు డబ్బాను చూసి, "లెక్క ఎక్కణ్ణుంచి మొదలెట్టావు?" అంది. దానికి ఎస్తేరు వేసిన ఎదురుప్రశ్నే పైన చెప్పింది.

"ఆ డబ్బా బయటికి తియ్యి."

"తీస్తే మళ్ళీ మొదటికి వస్తాం సిస్టర్! ఆమె కడుపు మాడి ఉంది."

"మొదట్లోనే ఉన్నాం. తియ్యి."

మందపాటి గుడ్డలతో పట్టుకుని తీసింది. సిస్టరు పొడుగాటి చెంచాతో పైన కాలిపోతున్న పౌడరును పక్కకు నెట్టి, డబ్బా నడిమధ్య నుంచి ఒక చెంచాడు తోడి, "చెయ్యి పట్టు" అంది. ఎస్తేరు చెయ్యి వెనక్కి లాక్కుంది. సిస్టరు చెంచా దించలేదు. చివరికి ఎస్తేరు కళ్ళు మూసుకుని అరచెయ్యి చాపింది.

"పసిబిడ్డకు పట్టే పాలలా ఉంది" అంది, కళ్ళు తెరిచి.

థర్మామీటరు తనను తాకిన గాలి వేడే చెబుతుందని కాలేజీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ డబ్బా లోపలికి పోతున్నప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

సిస్టరు తనే వెళ్ళి ఆదెమ్మ పక్కన కూర్చుంది. "పొరపాటు మాదేనమ్మా. మధ్యాహ్నం దాకా ఆగాలి."

"మీ పొయ్యి కాగడానికి నేను పస్తుండాలా?"

"ఉండాలమ్మా."

ఎస్తేరు కళ్ళు తుడుచుకుంటూ పొట్లాలు కట్టింది. ఒక్కోటీ చిటికెన వేలంత మందం. మూడు దాటాక ఆదెమ్మను లోపలికి తీసుకువెళ్ళారు. ఎనిమిదో రోజున కుట్లు విప్పారు. గాయం శుభ్రంగా మానింది. "గొంతు కోసినా నా నోరు మూయించలేకపోయారు" అని అందరితో చెప్పి నవ్వుతూ వెళ్ళింది.

ఆమెను గేటుదాకా సాగనంపి వచ్చిన ఎస్తేరుకు ఇంకా సందేహం తీరలేదు. "పొట్లం కట్టినా, నడుమ దాకా వేడి చేరిందని ఎట్లా తెలుస్తుంది సిస్టర్? విప్పి చూస్తే మళ్ళీ పనికిరాదు కదా."

సిస్టరు కాయితం మడుస్తూ తలెత్తకుండానే అంది: "తెలియదు. అందుకే పలచగా కట్టేది."