జున్నుకి విషం పెట్టిందెవరు?

సాలూరులో సన్యాసిరావు అనే మందుల షాపు గుమాస్తా ఉండేవాడు. చచ్చినా తన తప్పు ఒప్పుకునేవాడు కాదు. కూరలో రెండోసారి ఉప్పు తానే వేసి, పెళ్ళాం మీద అరిచే రకం. షాపుకొచ్చిన జనం "డాక్టరుగారూ" అంటే మాత్రం కాదనేవాడు కాదు.

ఆయన భార్య రవణమ్మకి జున్ను అనే తెల్లపిల్లి ఉండేది. కళ్ళు తెరవని కూనగా దొరికితే, దూదితో పాలు పట్టి బతికించుకుంది. ఒకరోజు పొద్దున్న జున్ను తిండి ముట్టలేదు, ఒళ్ళు కాలిపోతోంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దామంది రవణమ్మ. నేనుండగా పిల్లికి డాక్టరెందుకని సన్యాసిరావు విసుక్కున్నాడు. ఆమె నీళ్ళకి వెళ్ళగానే జ్వరం బిళ్ళ పొడి చేసి, పాలల్లో కలిపి, దాని నోరు పట్టి పోశాడు. మహా వైద్యుడు మరి!

మధ్యాహ్నానికి జున్ను మొహం వాచింది, ఎగశ్వాస మొదలైంది. బిళ్ళ వల్లేనేమోనని సన్యాసిరావుకి అనుమానం తగిలింది. అయినా ఆ సంగతి చెప్పాడా? లేదు. పక్కింటి నూకాలు ఎలకల మందు పెట్టి చంపుతోందని వీధంతా వినేలా తిట్టాడు. ఆ మందు ఎప్పుడో పారేశానని ఆవిడ మొత్తుకున్నా వినలేదు. పాపం, ఆవిడ కళ్ళు తుడుచుకుని తన కూరగాయల బుట్ట తెచ్చి, అందులో జున్నుని పడుకోబెట్టి, వాళ్ళతోపాటే ఆసుపత్రికి వచ్చింది.

ఇంట్లో ఏమైనా మందు వేశారా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాడు సన్యాసిరావు. నూకాలు వైపు వేలు చూపించి, ఈవిడ పెట్టిన ఎలకల మందే తిందన్నాడు. డాక్టరమ్మ ఆ మాట నమ్మి, ఎలకల మందుకే విరుగుడు సూది వేసింది.

అరగంట గడిచింది. జున్ను చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. నిజం ఆయన నోటిదాకా వచ్చింది. కానీ గదిలో షాపుకొచ్చే మనుషులు ఇద్దరున్నారు. సిగ్గుమాలినవాడు, దాన్ని మింగేశాడు. జున్ను కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టాకే గొణిగాడు, జ్వరం బిళ్ళ వేశానని.

"మనుషుల జ్వరం బిళ్ళ పిల్లికి విషమయ్యా," అంది డాక్టరమ్మ. "ఆ బిళ్ళకి విరుగుడు నా బీరువాలోనే ఉంది. రాగానే చెప్పుంటే బతికేది."

ఆమె పరుగున వెళ్ళి మందు తెచ్చేలోపే జున్ను రవణమ్మ ఒళ్ళో ప్రాణం విడిచింది. అప్పుడు కూడా ఆ మహానుభావుడు, నువ్వు ఇంట్లో ఉండుంటే ఇలా జరిగేదా అని భార్య మీదే నెట్టబోయాడు.

రవణమ్మ ఏడుపు ఆపింది. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి ఆయన కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"బిళ్ళ తెలియక వేశారు, దానికి నేనేమీ అనను. అరగంటసేపు నోరు మూసుకున్నారు చూడండి, అది తెలిసే చేశారు."

ఆ మాటని గదిలో అందరూ విన్నారు. ఆమె నూకాలు చేయి పట్టుకుని వెళ్ళిపోయింది. సన్యాసిరావుకి తప్పు నెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

తెలియక చేసిన తప్పుని వెంటనే ఒప్పుకోవాలి. దాచిపెట్టి పక్కవాళ్ళ మీద రుద్దితే, దిద్దుకునే సమయం కాస్తా చేజారిపోతుంది.